ట్యూబు మీద ఆయన పేరు

“ఒకవేళ ఏదైనా ఉందని తేలితే ఏం చేస్తామండీ?”

బల్ల మీది తెల్ల కవరుకి తగలకుండా దాని చుట్టూ తడిగుడ్డతో తుడుస్తూ అడిగింది ఆమె. కవరు ఇంకా చింపనైనా లేదు. భర్త నడిపేది సిటీ బస్సు. యాభై దాటిన డ్రైవర్లంతా మలపరీక్షకి ఇచ్చి తీరాలని డిపోవాళ్ళు పంచిన కవరు అది. పెద్దపేగులో క్యాన్సరు మొదలవుతుంటే, కంటికి ఆననంత నెత్తురున్నా అందులో తెలిసిపోతుందట.

“ఆ నోట ఒక్కనాడైనా మంచిమాట వచ్చిందా?” అన్నాడు భర్త. “పిల్ల దగ్గితే క్షయ. నేను పది నిమిషాలు ఆలస్యమైతే యాక్సిడెంటు.”

“కీడెంచి మేలెంచమన్నారు.”

“నువ్వు మేలు దాకా ఎప్పుడు వచ్చావు గనక!”

ఆ మాటకి అత్తగారూ కూతురూ కూడా నవ్వారు. ఆమెకీ నవ్వొచ్చింది. ఆ ఇంట్లో భయపడడం కూడా ఒక పనే. ఇంకెవరూ చెయ్యరు కాబట్టి అంట్లతోపాటు అదీ ఆమె వంతుకే వచ్చింది. స్నానాల గదిలో అత్తగారి చెంబు చప్పుడు ఆగితే తలుపు కొట్టేది ఆమే, కూతురు ఇంకా రాలేదని వీధి చివరిదాకా వెళ్ళి నిలబడేదీ ఆమే. అందరి ఒళ్ళూ ఆమె కనిపెట్టి చూస్తుంది, తన ఒళ్ళు తప్ప. మూడు నెలలుగా దొడ్డికి వెళ్ళినప్పుడల్లా ఎర్రగా కనిపిస్తున్నా, మొలలేలే అనుకుని నీళ్ళు కుమ్మరించి వచ్చేస్తోంది. తను పనిచేసే లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంటే కాళ్ళు వణికి ఒకరోజు స్టూలు లాక్కుంది. “కూర్చోవాలంటే ఇంట్లోనే కూర్చోవచ్చుగదమ్మా” అన్నాడు యజమాని. ఇంట్లో కూర్చోవడమనేది ఒకటుందని ఆయనకెవరు చెప్పారో!

కవరు నాలుగు రోజులు బల్ల మీదే ఉంది. ఐదో రోజు పొద్దున, డ్యూటీకి చొక్కా తొడుక్కుంటూ భర్త లోపలి కాగితం చదివాడు. “పుల్లతో పొడిచి తియ్యాలట! ఛీ, నావల్ల కాదు. ఇవాళే ఆఖరు. నువ్విచ్చెయ్.”

“నాదా? పేరు మీదిగదండీ?”

“ఒకే ఇల్లు, ఒకే తిండి. నీదైతేనేం, నాదైతేనేం? మా నాన్న మంచాన పడితే రెండేళ్ళు అన్నీ ఎత్తినదానివి. నీకు అసహ్యమేమిటి?”

మామగారికి చేసిన ఆ చాకిరీ గురించి ఈయన ఎప్పుడైనా ఒక్క మాటంటాడా అని పదేళ్ళు ఎదురుచూసింది. ఆ మాట ఇలా వచ్చింది.

ఏడో తరగతి చదువుతో ఆ కాగితాన్ని రెండుసార్లు కూడబలుక్కుని చదివింది. మలం నీళ్ళలో పడకుండా, ఇచ్చిన కాగితం పరుచుకుంది. మూతకున్న పుల్లతో నాలుగుచోట్ల గుచ్చింది. వేలెడంత ట్యూబులో దాన్ని ముంచి, మూత బిగించి, ఊపింది. పైన చీటీ మీద భర్త పేరు, పుట్టినతేదీ గుండ్రంగా రాసింది. ఆయన అందుకుని చూసి, “అక్షరాలు వంకరపోయాయి” అని జేబులో వేసుకున్నాడు.

పదో రోజున ఫలితం వచ్చింది. నెత్తురు ఉంది.

ఇల్లంతా ఆయన చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. “నా బిడ్డ పేగుల్లో నెత్తురా! ఇన్నేళ్ళూ ఏం వండిపోశావే వాడికి?” అని అత్తగారు గుండెలు బాదుకుంది. ఆడపడుచు రెండు బస్సులు మారి వచ్చి అన్న పాదాలు పట్టుకుని కూర్చుంది. కూతురు వాళ్ళ నాన్న భుజం మీద ఏడ్చి ఏడ్చి, మధ్యలో తలెత్తి ఆశ్చర్యంగా అడిగింది: “అమ్మా, నీకు భయం వెయ్యట్లేదా? ఎప్పుడూ ముందు ఏడ్చేది నువ్వేగా?”

ఆమె ఆయన వీపుకి దిండు పెట్టింది. వేడిపాలు ఇచ్చింది. ఆయన తీసుకున్నాడు.

ఆయన వంటింట్లోకి గ్లాసు తెచ్చినప్పుడు అడిగింది. “అది నాది గదండీ.”

“మెల్లగా! డిపోలో తెలిస్తే నా ఉద్యోగం ఉంటుందా? ఇంకో ట్యూబు అడుగుతాను, ఈసారి నేనే ఇస్తాను. ఏమీ లేదని వస్తుంది, పీడ వదులుతుంది.”

“మరి నా సంగతో?”

“నీకేం? గుండ్రాయిలా ఉన్నావు.”

ఆ రెండు రోజులూ ఆమె చేతులు పని చేస్తూనే ఉన్నాయి. తను లేకపోతే అత్తగారి మాత్రలు ఎవరు గుర్తుపెట్టుకుంటారు, పిల్లకి ఒంట్లో బాగాలేకపోతే ఎవరితో చెప్పుకుంటుంది, ఈయన చొక్కాల కాలరు మురికి ఎవరు రుద్దుతారు! తన చావు గురించి కూడా వాళ్ళ వైపు నించే భయపడుతున్నానని లాండ్రీలో ఇస్త్రీపెట్టె పట్టుకుని ఉండగా తట్టింది. పెట్టె పక్కన పెట్టేసింది. నేను చచ్చిపోతానేమో అనుకుంది. అత్తగారూ పిల్లా కాలరూ ఏవీ లేకుండా, ఆ ఒక్క మాటే.

మూడో రోజు సాయంత్రం ఆస్పత్రి నర్సు ఫోన్ చేసింది. తనకీ వినపడాలని అత్తగారు పట్టుబడితే భర్త స్పీకరు పెట్టాడు.

“కంగారు పడకండి సార్, నెత్తురు కనిపించినంత మాత్రాన క్యాన్సరని కాదు. కానీ పేగులోకి కెమెరా వేసి చూడాలి.”

“ఆ పరీక్ష ఇంకోసారి చేస్తే...”

“రెండోది బాగా వచ్చినా మొదటిదాన్ని వదిలెయ్యలేం సార్. ఆలస్యం చెయ్యొద్దు. ఎర్రగా ఏమైనా కనిపిస్తోందా? ఎన్నాళ్ళుగా?”

భర్త గోడ వైపు చూశాడు.

“సార్? లైన్లో ఉన్నారా?”

“చెప్పరా నాయనా, దాచకు,” అంది అత్తగారు. ఆడపడుచు ముక్కు ఎగబీల్చింది. భర్త మెడ మీద చెమట పట్టింది. ఆయన చూపు గోడ మీంచి జారి ఆమె మీదికొచ్చి, వద్దన్నట్టు నిలబడింది. ఫోనులో నర్సు పక్కన ఎవరో కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపిస్తోంది.

“మూడు నెలలుగా కనిపిస్తోందమ్మా,” అంది ఆమె. “ఆ ట్యూబులోది ఆయనది కాదు, నాది. నన్నెప్పుడు రమ్మంటారు?”