విప్పేసిన పసుపు వలయం

జెండా మీద పసుపు వలయం లేదు.

తెల్లటి పట్టుగుడ్డ మీద నీలం, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ వలయాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. పసుపుది మాత్రం కుట్లు విప్పి, మడతపెట్టి, బల్ల చివర పెట్టి ఉంది. ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో ఎగరాల్సిన జెండా అది. వ్యాను రావడానికి రెండు గంటలే ఉంది.

"మనం భోంచేసి వచ్చేలోగా ఎవరు చేశారిది?" అంది మా కుట్టు షాపు ఓనరమ్మ. "ఎవరో తేలాలి. తేలినవాళ్లు ఈ రోజే ఇంటికి."

"ఎలుకలేమో మేడమ్," అంది మిషను దగ్గర కూర్చున్న మా వదిన.

"మడతపెట్టి పోయే ఎలుకలా?"

ఓనరమ్మ ఫోను చేయడానికి బయటికి వెళ్లింది. నేను గుడ్డ తడిమి చూశాను. ఎక్కడా చిరగలేదు. సూది రంధ్రాలు ఇస్త్రీ ఆవిరికి పూడుకుపోయాయి. గుడ్డ ఇంకా వెచ్చగానే ఉంది.

నేరుగా ఇస్త్రీ బాబాయ్ దగ్గరికి వెళ్లాను.

"నువ్వేనా?"

"పొద్దున చెప్పబోతే, నీ ఇస్త్రీ నువ్వు చూసుకోమన్నావుగా," అన్నాడు తలెత్తకుండా. "పసుపు రింగు మీద ఇస్త్రీ పెట్టె నడిపితే, పక్క రింగులు పైగా పోయే రెండు చోట్ల దాని ముక్కు తట్టుకోవాలి. ఎక్కడా తట్టుకోలేదురా."

ఆ రింగు కుట్టింది నేనే. బడి బ్యాడ్జీలు, కంపెనీ అక్షరాలు కుట్టీ కుట్టీ అలవాటైన చెయ్యి నాది. ముక్కను పైన పెట్టడం, చుట్టూ కుట్టేయడం. ఈ వలయాలు అలా కాదు. నూరేళ్ల కిందట ఒక పెద్దమనిషి ఉత్తరం పైభాగాన గీసి రంగులేసిన బొమ్మ ఇది. అప్పటి దేశాల జెండాల రంగులన్నీ తెలుపుతో కలిపి ఈ ఆరింటిలోనే ఉన్నాయట. ఐదు ఖండాలు చేతులు కలిపినట్టు ప్రతి వలయం పక్కదాని మీదుగా ఒకసారి, కిందుగా ఒకసారి పోవాలి.

"నువ్వు ఒకదాన్ని రెండింటి నెత్తిన కూర్చోబెట్టావు," అన్నాడు బాబాయ్. "ఆవిడకి చెబితే నీ ఉద్యోగం పోతుంది. విప్పి పెడితే మళ్లీ కుట్టక తప్పదు, అప్పుడన్నా చూసుకుంటావులే అనుకున్నా."

లోకమంతా చూడబోయే జెండా. ఈయన లేకపోతే ఏమయ్యేది? చేతులు జోడించాను.

"దండాలు తర్వాత. సూది పట్టు."

పసుపు వలయాన్ని రెండు చోట్ల తెంచి, అక్కడ పక్క వలయాల కుట్లు కాస్త వదులు చేసి, నీలం కిందుగా ఒకసారి, నలుపు కిందుగా ఒకసారి దూర్చి కుట్టాను. ఆఖరి ముడి పడేసరికి వ్యాను హారన్ వినిపించింది.

ఓనరమ్మ తిరిగొచ్చి జెండా మీద చెయ్యి వేసింది. పాత సూది రంధ్రాలు ఆవిరికి పూడుకుపోయి ఉండటం చూసి, ఇస్త్రీ బల్ల వైపు తిరిగింది.

"పెద్దాయనా, విప్పింది మీరా?"

"నేనేనమ్మా." బాబాయ్ పెట్టె ఆపి, ప్లగ్గు పీకి, చొక్కా అందుకున్నాడు.

"ఆగు బాబాయ్," అన్నాను. "మేడమ్, ఆయన విప్పబట్టే మన పరువు నిలబడింది. ఆ రింగును తప్పు కుట్టినవాడు వేరే ఉన్నాడు."

"ఎవరు?"

"నేను."