చెల్లని బండి

నా స్కూటరుకు నాలుగు చక్రాలు. ముందొకటి, వెనకొకటి, పడిపోకుండా పక్కన చెరొకటి. ఈ సంగతి మా వీధిలో చంటిపిల్లలకు కూడా తెలుసు. తెలియనిదల్లా తిరుచానూరు దారిలో ఇనప స్తంభాలు పాతించిన మహానుభావులకే.

నా పేరు కోమలి. కుడికాలికి పోలియో. దాన్ని చూసి ఎవరైనా అయ్యో పాపం అంటే నాకు ఒళ్లు మండుతుంది, కాబట్టి మీరు అనకండి. తిరుచానూరులో ఒక లాడ్జి కౌంటరు దగ్గర కూర్చుంటాను. వచ్చే యాత్రికులకు గదులివ్వడం, పోయేవాళ్ల దగ్గర తాళాలు తీసుకోవడం నా పని. కూర్చుని చేసే పని, నలుగురూ మర్యాదగా మాట్లాడే పని. ఇంట్లో నేనూ మా అమ్మ ఆనందమ్మా తింటున్నది ఆ కుర్చీ పుణ్యమే.

మొదట్లో బస్సులోనే పోదామనుకున్నాను. ఆడవాళ్లకు ఛార్జీ లేదని చెప్పిన రోజున నాకంటే మా అమ్మే ఎక్కువ సంబరపడింది. టికెట్టు సున్నానే, కాదనను. మెట్టు మాత్రం నా మోకాలికి పైన. లోపల కిటికీ మీద 'వికలాంగులకు' అని ఎర్ర అక్షరాలతో రాసిన సీటు కింద నుంచి చక్కగా కనిపిస్తుంది. అక్కడిదాకా ఎలా పోవాలో మాత్రం ఎవరూ రాయలేదు. నేను చంకకర్ర సర్దుకుని ఒక చేత్తో కమ్మీ పట్టుకునేలోపు కండక్టరు విజిలు వేసేవాడు. "ఎనకాల బస్సు కాళీగా వస్తా ఉండాది మా, దాంట్లో రా" అనేవాడు. ఆ వెనకాల బస్సును నేను ఇంతవరకూ చూడలేదు.

అందుకే మా అన్న పాత స్కూటరు అడిగి తీసుకున్నాను. మెకానిక్ సుభాన్ బాషా దానికి పక్క చక్రాలు బిగించి, రవాణా ఆఫీసు చుట్టూ నాతోపాటు తిరిగి కాగితాలు మార్పించాడు. ఆ బండి ఎక్కిన రోజున నేను ఊరంతా ఊరికే తిరిగాను. ఎవరినీ చెయ్యి పట్టుకోమని అడక్కుండా తిరగడం ఎంత బాగుంటుందో అప్పుడే తెలిసింది.

ఆ ముచ్చట ఎన్నాళ్లో సాగలేదు. యాత్రికుల బస్సులు ఎక్కువయ్యాయని పొద్దుటిపూట పెద్ద రోడ్డును కార్లకూ బస్సులకూ ఆటోలకూ వదిలేశారు. సైకిళ్లూ స్కూటర్లూ పక్కన వేసిన సన్నదారిలో పోవాలి. అటూ ఇటూ నిలువెత్తు కంచె. ఆటోలు దూరకుండా మొదట్లో ఇనప స్తంభాలు. రెండు స్తంభాల మధ్య మామూలు స్కూటరు హాయిగా పడుతుంది. నాది పట్టదు.

మొన్న బండి అక్కడే వదిలేసి ఆటో దొరికేదాకా ఎండలో నిలబడ్డాను. లేటు. నిన్న చుట్టుదారిన పోతే పైపుల కోసం రోడ్డు తవ్వి పెట్టారు, వచ్చిన దారినే తిరిగొచ్చాను. మళ్లీ లేటు. లాడ్జి యజమాని రాజారత్నం తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"పొద్దున్నే కాళీ చేసేవాళ్లంతా తాళాలు పట్టుకోని నిలబడుకోనుండారు మా. రేపు కూడా ఇట్లే అయితే మా మేనకోడలు మహితను కూర్చోబెట్టేస్తా. నన్నేమీ అనుకోవద్దు" అన్నాడు, ఎంతో మర్యాదగా.

అందుకని ఇవాళ తేల్చుకుందామని త్వరగా బయల్దేరి, తిన్నగా పెద్ద రోడ్డు మీదికే పోయాను. విజిలు మోగింది. మునిశేఖర్ అనే కానిస్టేబులు చెయ్యి అడ్డం పెట్టాడు. చొక్కా మీద పేరుంది కాబట్టి తెలిసింది.

"యాడికి మా? స్కూటర్లు ఆ పక్క దావలో పోవాల."

"ఆ స్తంభాల్లో పట్టదన్నా. సూడు, నాలుగు చక్రాలు."

"నాలుగు చక్రాలుంటే ఆ దావలో పోకూడదు. అది టూవీలర్లకే."

"అయితే ఈ రోడ్డులోనే పోతా."

"ఇది కార్లకు మా. నీది కారా?"

"కాదు."

"మరి?"

మరి ఏమిటో నేనే చెప్పాలట. రోడ్డు వేసిందీ, స్తంభాలు పాతిందీ, బోర్డు రాసిందీ నేనే అయినట్టు.

కాగితాలు అడిగాడు. ఇచ్చాను. కార్డు దగ్గరగా పెట్టుకుని చదివి, ముఖం అదోలా పెట్టాడు.

"ఇన్‌వాలిడ్ అని ఉండాది గదమ్మా. బండి చెల్లదు."

"ఇన్‌వాలిడ్ క్యారేజ్ అన్నా. వికలాంగుల బండి అని దానర్థం."

"ఇంగిలీసు నాకూ వస్తాది. ఓటీపీ ఇన్‌వాలిడ్ అంటే ఏంది? పాస్‌వర్డు ఇన్‌వాలిడ్ అంటే ఏంది? చెల్లదనే గదా."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అతన్ని తిట్టుకుని ఏం లాభం? బండికి ఆ పేరు పెట్టినవాడెవడో పెద్ద చదువే చదువుకుని ఉంటాడు. అంత చదివి, నడవలేని మనిషికీ గడువైపోయిన ఓటీపీకీ ఒకే మాట చాలనుకున్నాడు.

మునిశేఖర్ చెడ్డవాడేమీ కాదు. నా ముఖం చూసి పైవాళ్లకు ఫోను చేశాడు. కాసేపు సార్ సార్ అని తలాడించి నా దగ్గరికొచ్చాడు.

"సారు ఒప్పుకున్నాడు మా. ఇంజను ఆపేసి, దిగి, రోడ్డు ఓరగా నడిపించుకోని పొమ్మన్నాడు."

"నేను దాన్ని నడిపించేది యాడన్నా? అదే నన్ను నడిపిస్తా ఉండేది."

అతను నా కాలు వైపు చూసి తల దించుకున్నాడు. తల దించుకున్నాడే గాని చెయ్యి మాత్రం దించలేదు.

అప్పుడొచ్చింది జామకాయల తోపుడు బండి. ఆ వ్యాపారి ఎవరినీ ఏమీ అడగలేదు. నేరుగా సన్నదారి దగ్గరికి పోయి, మధ్య స్తంభాన్ని రెండు చేతులతో పట్టుకుని పైకి లాగాడు. గుంతలోంచి సులువుగా వచ్చేసింది. పక్కన ఆనించి, బండిని లోపలికి తోసుకున్నాడు.

నేను మునిశేఖర్ వైపు తిరిగాను.

"అది ఊడొస్తాదా?" అన్నాను.

"ఆయప్ప రోజూ అట్లే పోతాడు మా. బతుకుదెరువు గదా, ఏం చేసేది?" అన్నాడు మునిశేఖర్.

"నేను షికారుకు పోతా ఉండానా?"

"నీకు తీస్తే ఆటోవోళ్లంతా వచ్చి నన్ను పట్టుకుంటారు. గమ్మున ఆ పక్కకు..."

మిగతాది వినలేదు. బండి తిప్పి, స్తంభం మళ్లీ గుంతలో పడేలోపు లోపలికి దూరాను. వెనక విజిలు మోగుతూనే ఉంది, మోగనీ అనుకున్నాను. జామకాయల ఆయన నవ్వి, కంచె మధ్యలో తెరిచి ఉన్న పక్క సందులోకి తన బండి తిప్పుకుని దారిచ్చాడు. గాలి ముఖానికి తగులుతుంటే పాటొకటి కూనిరాగం తీశాను కూడా. టైముకు చేరిపోతాను, మహిత తన ఇంట్లో తాను కూర్చోవచ్చు.

దారి చివర మలుపు తిరిగాను. ఎదురుగా మా లాడ్జి పచ్చ బోర్డు. దానికీ నాకూ మధ్య ఇంకో వరస ఇనప స్తంభాలు.

బండి ఆపి, చెయ్యి చాచి ఒకదాన్ని ఊపి చూశాను. కదల్లేదు. పక్కదాన్ని ఊపాను. ఈ చివర వాటిని శ్రద్ధగా సిమెంటుతో కట్టారు. వెనక్కి తిప్పుదామంటే దారికి నా బండి తిరిగేంత వెడల్పు లేదు. ఈలోపు నా వెనక స్కూటర్లు చేరాయి, వాటి వెనక మరికొన్ని. హారన్లు మొదలయ్యాయి.

"ఏమ్మా, ఈడికి ఎట్లొచ్చినావు?" "కనబళ్లేదా?" "దిగి అడ్డం తియ్యి మా, డ్యూటీకి టైమైతాంది!"

వాళ్లదే డ్యూటీ, నాది కాదు కాబోలు. ఫోను మోగింది. రాజారత్నం.

"యాడుండావు మా?"

"మీ ఎదురుగానే సార్. మీ బోర్డు కనబడతా ఉండాది."

"మరి రా."

"రాలేను సార్."

"సరే, మహిత కూర్చోనుండాదిలే" అని పెట్టేశాడు.

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. కాలు చూసి ఎన్నడూ ఏడవనిదాన్ని, సిమెంటు చూసి ఏడ్చాను. హారన్లు ఆగాయి. ఇప్పుడు మొదలైంది అయ్యో పాపం.

ఎవరో "ఎత్తేద్దాం పట్టండబ్బా" అన్నారు. దిగుతానన్నా వినలేదు. నాలుగువైపులా నలుగురు పట్టి, నాతో సహా స్కూటరును స్తంభాల పైకి లేపారు. నేను హ్యాండిల్ గట్టిగా పట్టుకుని గాల్లో ఊగాను.

"సూడప్పా, అమ్మవారి వాహనం ఊరేగతా ఉండాది!" అన్నాడొకడు. అందరూ నవ్వారు. ఫోన్లన్నీ పైకి లేచాయి. ఉరికొచ్చిన మునిశేఖర్ కూడా ఒక చెయ్యి వేసి, ఇంకో చేత్తో దారి కోసం విజిలు వేస్తున్నాడు.

లాడ్జి ముందు దించారు. చప్పట్లు కొట్టారు. రాజారత్నం బయటికొచ్చి తనూ వీడియో తీశాడు. కళ్లు తుడుచుకున్నాడు, అది నటన అనను.

"మానవత్వం ఇంకా ఉండాది మా. ఈ పొద్దు లేటు లెక్కలోకి రాదు. పో, కూర్చో. మహితను లెయ్యమంటా" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "రేపు మాత్రం టైముకొచ్చెయ్యి" అన్నాడు.

నేను దిగలేదు. చేతులు దులుపుకుంటున్న ఆ నలుగురి వైపు తిరిగాను. ముఖాలు వెలిగిపోతున్నాయి.

"అన్నా, రేపు పొద్దున్నే ఇదే టైముకు వస్తారా?" అన్నాను.

ఒకడు నవ్వాడు, హాస్యమనుకుని. నేను నవ్వకపోయేసరికి ఆపేశాడు.

"ఎల్లుండి?"

ఫోన్లు ఒక్కొక్కటే జేబుల్లోకి పోయాయి. డ్యూటీకి టైమైందని ఒకడు కదిలాడు, వాడి వెనక మిగతావాళ్లు. మునిశేఖర్ కూడా వెళ్లబోయి ఆగి, నా బండి కార్డు ఇంకా తన జేబులోనే ఉందని గుర్తొచ్చి, తీసి ఇచ్చాడు.

"జాగర్తగా పెట్టుకో మా" అన్నాడు. "ఇంకెవురన్నా సూస్తే చెల్లదంటారు."