మట్టిలో కలవని రక్తం

యేసుప్రసాద్‌ను కల్లూరు సమాధుల తోటలో పూడ్చి రెండు నెలలైంది. ఒక ఉదయం కర్నూలు ఆసుపత్రి నుంచి డాక్టర్ శివలీల అతని భార్యకు ఫోన్ చేసింది. "కృపమణీ, పరిశోధన కోసం తీసిన మీ ఆయన రక్తం ఇంకా మా దగ్గరే ఉంది. దానితో పోల్చి చూడ్డానికి నీ రక్తం కూడా ఇస్తావా?"

కృపమణి సరేనని ఫోన్ పెట్టేసింది. పాస్టరుగారు ప్రార్థన చేసి మన్ను కప్పించారు కదా, ఇంకా మట్టిలో కలవకుండా ఆయన కొంత మిగిలి ఉన్నాడా?

యేసుప్రసాద్ ఇంటి వెనక షెడ్డులో పాత బ్యాటరీలు పగలగొట్టి కరిగించేవాడు. క్లోమానికి క్యాన్సర్ వచ్చి, వేసవి ముగిసేలోపే పోయాడు. ఆ షెడ్డు పొగ వాలే ఇంట్లో చీమలు తిరగవు. చక్కెర ఒలికితే ఎన్నాళ్లైనా అట్లాగే తెల్లగా పడి ఉంటుంది. అయినా బతుకుతెరువు లేక, షెడ్డు యజమాని వీరభద్ర అడిగితే, వచ్చే నెల నుంచి మొగుడి పనిలోకి తానే దిగుతానని మాటిచ్చింది.

ఆసుపత్రిలో రక్తం ఇచ్చాక కృపమణి అడిగింది. "మా ఆయప్పను ఒకసారి చూపిస్తారా మేడం?"

శివలీల తటపటాయించి ఫ్రీజర్ తెరిచింది. తెల్లటి చలి పొగ నేల మీదికి జారింది. వేలంత గొట్టం, లోపల నల్లగా గడ్డకట్టిన రక్తం, పైన ఆయన పేరు. డాక్టరమ్మ వారించేలోపే కృపమణి తాకింది. గొట్టం వేలికి అతుక్కుపోయింది, లాగినా రాలేదు.

"ఇంక ఇడ్సిపెట్టప్పా," అంది మెల్లగా. "పాప ఇంటికాడ ఒగతే ఉండాది."

గొట్టం ఊడింది. వేలి చివరి చర్మం దాని మీదే మిగిలిపోయింది.

నాలుగు రోజులకు మళ్లీ పిలిచారు. "నీ రక్తంలోనూ సీసం, కాడ్మియం ఎక్కువున్నాయి," అంది శివలీల. "ఈ క్యాన్సర్ వచ్చినవాళ్లలో ఇవి ఎక్కువుంటున్నట్టు కొన్ని పరిశోధనల్లో తేలింది. ఇవే రోగం తెచ్చాయని చెప్పలేను. నీకు రోగముందనీ కాదు. కానీ ఆ పొగలో ఉండొద్దు. పాపకూ పరీక్ష చేద్దాం."

"ఆయప్ప రగతం, నా రగతం ఒగటే మాదిరి ఉండాదా?"

"దగ్గర దగ్గరగా ఉంది."

పెళ్లిలో పాస్టరుగారు ఇకమీదట మీరిద్దరూ ఒకే శరీరమన్న మాట ఆమెకు గుర్తొచ్చింది.

తిరిగొచ్చి వీరభద్రతో చెప్పింది. "నేను పనికి రానప్పా. నువ్వు గూడా పోయి రగతం చూపించుకో."

"నాకేమైందమ్మా? గుండు మాదిరి ఉండా!" అని అతను పెద్దగా నవ్వాడు. ఆ నవ్వులో అతని చిగుళ్ల అంచున సన్నటి నీలి గీత కనబడింది. అట్లాంటి గీతే ఆమె తన మొగుడి నోట్లో చూసింది.

మరునాడే కూతురు నిస్సీకి ఆసుపత్రిలో రక్తం తీయించి, అటునుంచి అటే కమలాపురంలో ఉన్న తల్లి దగ్గరికి బయల్దేరింది. బస్సులో నిస్సీ ఆవులిస్తే, గడ్డం పట్టుకుని నోరు తెరిపించి చూసింది. చిగుళ్లు ఎర్రగానే ఉన్నాయి. కాసేపటికి మళ్లీ తెరిపించింది.