రెండో గడిలో పేరు

లిఫ్టు జారి పడిన మర్నాడు పొద్దున్నే మేనేజరు ఒక కాగితం తెచ్చి గుమాస్తా బల్ల మీద పెట్టాడు. ప్రమాదం జరిగినప్పుడు పై ఆఫీసుకి పంపాల్సిన కాగితం అది. అందులో రెండే గడులు. మొదటిది ‘గాయపడినవారు’, రెండోది ‘కారకులు’. ఒకే మనిషి పేరు రెండు గడుల్లోనూ రాయకూడదని అడుగున చిన్న అక్షరాలతో అచ్చు వేశారు. తను కూర్చున్న కొమ్మని తనే నరుక్కునే మనుషులు లోకంలో ఉంటారని ఆ కాగితం తయారుచేసిన మహానుభావుడికి ఎవరూ చెప్పినట్టు లేదు.

సాయంత్రంలోగా పంపాలని, రెండో గడి ఖాళీగా ఉంటే కాగితం తిరిగొస్తుందని, ఎవరో ఒకరి పేరు రాయమని మేనేజరు చెప్పాడు. ఎవరో ఒకరంటే ఎవరో చెప్పలేదు. చెప్పకుండా అర్థమయ్యేలా చేయడం ఆయనకి చేతనైన విద్య. ఆ విద్యతోనే మేనేజరు అయ్యాడు.

మొదటి గడితో గుమాస్తాకి చిక్కు లేదు. గాయపడింది ఒక్కడే, అతని అక్క మొగుడు. చిక్కంతా రెండో గడితోనే.

బావ మామూలు మెకానిక్కు కాడు. మోటారు గది తలుపుకి చెవి ఆనించి, లోపల ఏ బేరింగు ఎండిపోయిందో చెప్పేవాడు. తలుపు తీసి చూస్తే అదే ఎండి ఉండేది. అతనికి పని నేర్పింది ఆ లిఫ్టుల కంపెనీలో అందరికంటే పెద్దవాడైన ఒక మేస్త్రి. ఆయన్ని అందరూ నత్త మేస్త్రి అనేవాళ్ళు, నెలకి నాలుగు లిఫ్టులకి మించి తనిఖీ చేయడు కాబట్టి. ఆయనకో పట్టింపు ఉంది. తనిఖీ చేసినవాడు ముందు తానే ఒంటరిగా లిఫ్టెక్కి, అడుగు నుంచి పై అంతస్తుకి మూడుసార్లు ఎక్కి దిగాలి. ఆ తర్వాతే కాగితం మీద సంతకం. నీ ప్రాణం పెట్టి చూడని దాని మీద నీ పేరు పెట్టకు అనేవాడు. బావ ఆ పట్టింపుని పదేళ్ళు తప్పకుండా పాటించాడు.

ఆరు నెలల కిందట చీఫ్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం ఒకటి పుట్టింది. మూడో అంతస్తులో సొంత గది, గదిలో బల్ల, ఇనప బీరువా. ఎవరు ఎక్కువ లిఫ్టులు తనిఖీ చేస్తే వాళ్ళకే ఆ గది అన్నాడు మేనేజరు. ఎవరు ఎన్ని చేశారో రోజూ బోర్డు మీద రాయమని గుమాస్తాకి చెప్పాడు. రాయమన్నాడే గానీ రంగు సుద్దలతో రాయమనలేదు. అది గుమాస్తా సొంత తెలివి. అందరికంటే పైన ఉన్నవాడి పేరు ఎర్ర సుద్దతో, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, పక్కన నక్షత్రం గీసేవాడు. మొదటి నెలే ఆ పేరు బావది.

ఆ తర్వాత ఆ ఎర్ర పేరు కిందికి దిగలేదు. ఇంట్లో అక్క ఇన్‌స్పెక్టరు భార్యలా నడవడం మొదలుపెట్టింది. బావకి అన్నం సహించేది కాదు. పొద్దున్నే వచ్చి బోర్డు చూస్తే గానీ టీ దిగేది కాదు. మూడుసార్లు ఎక్కి దిగడం ఒకసారికి వచ్చింది, ఒకసారి కాస్తా సున్నాకి వచ్చింది. ఆఖరి నెలలో అసలు లిఫ్టు దగ్గరికే వెళ్ళలేదు. ఆఫీసు ఎదుట టీ కొట్టు బల్ల మీద కాగితాలన్నీ పరుచుకుని కూర్చునేవాడు. ‘బ్రేకు: సరిగా ఉంది. తీగలు: సరిగా ఉన్నాయి’ అని చక్కటి దస్తూరీతో గుమాస్తా రాసేవాడు, చదవకుండా బావ సంతకం పెట్టి కింద రెండు గీతలు గీసేవాడు. అలా నలభై మూడు లిఫ్టులు. నత్త మేస్త్రి ఒకసారి ఆ బల్ల దగ్గర ఆగి చూసి, తన టీ తను తాగి వెళ్ళిపోయాడు.

గది బావకే వచ్చింది. నిన్న ఆ ఇనప బీరువాని ఎక్కించి, దానితోపాటు తనూ ఎక్కి బావ కంపెనీ లిఫ్టులోనే మూడో అంతస్తుకి బయల్దేరాడు. రెండో అంతస్తు దాటాక బ్రేకు పట్టు తప్పింది. లిఫ్టు కిందికి జారి అడుగున ధన్‌మని ఆగింది. బీరువా బావ కుడి కాలి మీద ఒరిగింది. ఆ లిఫ్టు కూడా నలభై మూడింట్లో ఒకటే.

గుమాస్తా కాగితం పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళేసరికి బావ కింది వార్డులో కాలికి చెక్కలు కట్టించుకుని పడుకుని ఉన్నాడు. పక్కన అక్క కూర్చుని ఉంది. బావ కాగితం చదవలేదు, గడులు మాత్రం చూశాడు.

"మొదటిదాంట్లో నా పేరు రాయి. రెండోదాంట్లో మేస్త్రి పేరు రాయి," అన్నాడు.

మన బిల్డింగు లిఫ్టుకి నూనె పెట్టేది, బోల్టులు బిగించేది ఆయనే కదా అన్నాడు బావ. ఇంకో మూడు నెలల్లో ఎలాగూ ఇంటికి వెళ్ళిపోయేవాడే, ఆయనకి పోయేదేముంది అంది అక్క. ముప్పై ఏళ్ళు ఒక్క మాట పడకుండా పనిచేసినవాడికి పోయేదేమిటో అక్కకి తెలియక కాదు. తెలిస్తే మొగుడి ఉద్యోగం పోతుంది కాబట్టి తెలియలేదు. గుమాస్తా పెన్సిలు తీసి రెండో గడిలో మేస్త్రి పేరు రాశాడు. అక్షరాలు ముత్యాల్లాగే వచ్చాయి, అలవాటైన చెయ్యి కదా.

అంతలో ఇద్దరు వార్డుబాయిలు వచ్చారు. ఎక్స్‌రే మూడో అంతస్తులో ఉందని బావ మంచాన్ని లిఫ్టు దాకా తోసుకుపోయారు. గుమాస్తా వెనకే నడిచాడు. తలుపు పక్కన అద్దం చట్రంలో తనిఖీ కాగితం ఉంది. గుమాస్తా తన దస్తూరీ గుర్తుపట్టాడు. బావ తన రెండు గీతలు గుర్తుపట్టాడు.

"మెట్ల మీద తీసుకెళ్ళండి," అన్నాడు బావ.

ఈ కాలితో మెట్లేమిటని ఒక వార్డుబాయి విసుక్కున్నాడు. లిఫ్టులో తనకి ఊపిరాడదని బావ చెప్పాడు. లిఫ్టుల్లోనే పదేళ్ళు బతికినవాడు ఆ మాట అంటుంటే గుమాస్తా నేల చూశాడు. వార్డుబాయిలు తిట్టుకుంటూ స్ట్రెచరు కోసం వెళ్ళారు. బావ, గుమాస్తా అక్కడే మిగిలారు.

అప్పుడు ఒక ఆయా ఉతికిన దుప్పట్ల బండి తోసుకుంటూ వచ్చింది. వెనకే చేతికర్రతో ఒక ముసలమ్మ, ఆవిడ కూతురు. ఆయా మీట నొక్కింది. తలుపులు తెరుచుకున్నాయి. ఆయా బరువైన బండిని లోపలికి తోసి, ముసలమ్మకి చోటిచ్చి, మీ వల్లే కదా ఆలస్యం అన్నట్టు ఈ ఇద్దరికేసి చూసింది. ముసలమ్మ కర్ర గుమ్మం మీద ఆనింది.

గుమాస్తాకి నోరుంది. ఆ కాగితంలో ‘సరిగా ఉంది’ అని రాసింది తనేనని కూడా తెలుసు. అయినా అతను బావకేసి చూశాడు, బావ చెబితే తను చెప్పక్కర్లేదని. ఆ తర్వాత చాలాకాలం గుమాస్తా సిగ్గుపడింది ఆ చూపుకే. బావ ముఖం చెమటతో తడిసిపోయింది. మూడో అంతస్తులో గది, బల్ల, ఎర్ర సుద్ద, అన్నీ ఆ ముఖంలో ఒకదాని వెంట ఒకటి పోతూ ఉంటే పక్కనుంచి చూడడం కష్టంగా ఉంది.

"అమ్మా, దాన్లో ఎక్కకండి," అన్నాడు బావ. గొంతు పెద్దగా లేదు. "దాన్ని చూశానని సంతకం పెట్టింది నేనే. చూడలేదు."

ముసలమ్మ కర్ర వెనక్కి తీసుకుంది. ఆయాకి అర్థం కాక మళ్ళీ చెప్పమంది. బావ మళ్ళీ చెప్పాడు. ఈసారి వసారాలో ఉన్న అందరికీ వినబడింది.

మధ్యాహ్నానికి ఊళ్ళో నలభై మూడు లిఫ్టులు ఆగిపోయాయి. జనం మెట్లెక్కుతూ కంపెనీని, కంపెనీ పుట్టించినవాడిని తిట్టుకున్నారు. సాయంత్రం పోవాల్సిన కాగితాన్ని మేనేజరు ఆపించి, ఈ సంగతి తనకి చాలా బాధ కలిగించిందని, తాను ఎవరినీ తొందరపెట్టలేదని అందరికీ చెప్పాడు. బోర్డు ఆ రోజే తుడిచేశారు. అన్నిటినీ తనిఖీ చేసే పని నత్త మేస్త్రికి ఇచ్చారు. ఆయన తన పద్ధతిలోనే మూడేసి సార్లు ఎక్కి దిగుతూ వెళ్ళాడు. త్వరగా కానివ్వమని చెప్పే ధైర్యం ఈసారి ఎవరికీ లేకపోయింది. ముందు ఆసుపత్రి లిఫ్టే చూశాడు. అది నిక్షేపంలా ఉంది. ఆ తర్వాత రెండు పాత మేడల్లో మాత్రం బ్రేకులు అరిగి కాగితంలా ఉన్నాయి.

అక్కకి ఆ రెండు మేడల సంగతి చెవికెక్కలేదు. నిక్షేపంలాంటి లిఫ్టు కోసం నోరు జారి ఉద్యోగం పోగొట్టుకున్నాడని మంచం పక్కన కూర్చుని ఏడ్చింది. నత్త మేస్త్రి బావని చూడడానికి వచ్చాడు. మేస్త్రి ఆ రెండు బ్రేకుల సంగతి చెప్పి, కాలు ఎలా ఉందని అడిగి, ఎన్నో అంతస్తులో ఉంచారో తెలియక రెండుసార్లు లిఫ్టులో ఎక్కి దిగానని చెప్పి వెళ్ళాడు. ఆయన వెళ్ళాక బావ గోడ వైపు తిరిగి ఏడ్చాడు.

మూడో రోజు మేనేజరు కొత్త కాగితం ఇచ్చాడు. గుమాస్తా ఆఫీసులో కూర్చుని చాలాసేపు ఆలోచించాడు. బావ దుర్మార్గుడని రాయాలంటే ముసలమ్మ చేతికర్ర గుర్తొచ్చింది. పాపం దెబ్బతిన్నవాడని రాయాలంటే అరిగిన బ్రేకులు గుర్తొచ్చాయి. బోర్డు పెట్టించినవాడికి ఏ గడీ లేదు. తిలాపాపం తలా పిడికెడు అంటారు గానీ, కాగితంలో పిడికెడుకి చోటు ఉండదు. చివరికి మొదటి గడిలో ‘ఎవరూ లేరు’ అని రాశాడు. రెండో గడిలో ముందు తన పేరు, దాని కింద బావ పేరు రాసి అతని సంతకం కోసం ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

బావ కాగితం అందుకుని కళ్ళజోడు అడిగి పెట్టుకున్నాడు. మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టాడు. అడుగున ఉన్న చిన్న అక్షరాలు కూడా చదివాడు. నెల రోజుల్లో అతను చదివి సంతకం పెట్టబోయే మొదటి కాగితం అది. రెండో గడి దగ్గర ఆగాడు.

"నీ పేరెందుకురా ఇక్కడ?"

"సరిగా ఉందని రాసింది నేనే కదా బావా. బోర్డు రాసిందీ నేనే."

బావ గుమాస్తా జేబులోని కలం తనే తీసుకుని, సంతకం పెట్టకుండా, ఆ రెండు పేర్ల పక్కన కిందికొక బాణం, పైకొక బాణం గీశాడు.

"నీది కిందికి దించు," అన్నాడు. "పైన నాదే ఉండాలి."