ఊపిరి పైపు

ఆ పైపు చిటికెన వేలంత లావు కూడా ఉండదు. మోటార్‌సైకిల్ ఇంజన్ పక్కనుంచి బయలుదేరి గొలుసు దగ్గర గాలిలో వేలాడుతుంది. దాని కొసనుంచి ఎప్పుడో ఒక నల్లటి చుక్క రాలుతుంది. అంతే. ఆ చుక్క యోబు నెత్తిమీద ఎక్కి కూర్చుని దిగడం లేదు.

పోయిన నెల చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే బల్ల ఆరాధననాడు అది అతని భార్య శారమ్మ తెల్లచీర కుచ్చిళ్ల మీద పడింది. ఆమె ఎప్పటిలాగే బండి మీద ఎడమవైపు కాళ్లు పెట్టి పక్కకు తిరిగి కూర్చుంది. పైపు మూతి కూడా అటే. చర్చి గేటు దగ్గర, నలుగురి ముందు, యోబు వంగి ఆ కుచ్చిళ్లను చాపి, తను నడిపే సాంచా, ఆ మరమగ్గం మీద నేసిన గుడ్డను చూసినట్టు చూశాడు.

"సక్కగ కూసోవాలె గద," అన్నాడు భార్యతో.

ఎందుకన్నాడో తెలియదు. కార్ఖానాలో గుడ్డకు డాగు పడితే, అజమాయిషీ చేసే మేతాజీ వచ్చేలోగా తప్పు ఎవరిదో తేలిపోవాలి. మరమగ్గాల ఊరు భివండీ అతని నోటికి నేర్పిన మాట అది, మనసును అడక్కుండానే బయటికి వచ్చేస్తుంది. శారమ్మ ఇంటికొచ్చి డాగును నిమ్మకాయతో రుద్ది పోగొట్టుకుంది. అప్పటినుంచి చర్చికి పక్కింటి క్రిస్టినాతో ఆటోలో పోతోంది.

సాంచా కింద నూనె కారేచోట నూలు చింది, గుడ్డపీలిక కట్టడం కార్ఖానాలో అందరికీ అలవాటు. యోబు చేతులు కూడా అదే పని చేశాయి. పైపు మూతిలో చింది కుక్కి దారంతో బిగించాడు. చుక్క ఆగింది. ప్రాణం హాయిగా ఉంది. తర్వాత చూస్తే ఇంజన్ అతుకులన్నిటికీ నూనె చెమటలా పట్టి ఉంది.

బండి తీసుకుపోతే, ధామన్కర్ నాకా కూడలి దగ్గర మెకానిక్ ఓంప్రకాష్ ఆ చిందిని లాగి, చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు పైకెత్తాడు.

"ఏందే అన్నా ఇది?"

"నూనె కారుతుంటె కట్టిన."

"లోపట పిస్టన్ కిందికొచ్చినప్పుడల్ల గాలి బయటికి పోవాలె. తొవ్వ మూస్తె యాడికి పోతది? దొరికిన సందుల కెల్లి నూనెను నూకుతది. నీ ముక్కుల గుడ్డ పెట్టి సాంచా నడుపుమంటె నడుపుతవా?"

దుకాణంలో ఉన్నవాళ్లు నవ్వారు. యోబూ నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

"మూసుడు గాదు, తిప్పాలె. సీటు కిందికెల్లి తీస్కపోయి కుడిదిక్కు వెనక దించు. కొసకు సీసా కట్టు. సీసా మూతకు బెజ్జం మర్సిపోకు. లేకుంటె బండి ఈడ పెట్టిపో, నేనే చేస్త."

"నేను చేస్కుంట."

శారమ్మను అన్న మాటను వెనక్కి తీసుకోవడం యోబుకు చేతకాదు. పైపు తిప్పడం చేతనవుతుంది. ఒకటి చేస్తే రెండోది చేసినట్టేనని లోపల ఎక్కడో ఒప్పందం కుదిరిపోయింది. అది దొంగ ఒప్పందమని తెలుసు. అయినా పానా పట్టుకున్నాడు.

తెచ్చిన పైపు పొట్టిదైంది. పొడుగుది తెచ్చి బిగించాడు. ఒక్కడే నడిపితే బాగుంది. వెనక బియ్యం బస్తా పెట్టి నడిపితే సీటు దిగి, పైపు నలిగి, ఇంజన్‌కు మళ్లీ చెమట పట్టింది. విప్పాడు. పానా జారి వేలి కణుపు చెక్కుకుపోయింది. పైపును తిట్టాడు, బండిని తిట్టాడు. తిడుతున్నది తననేనని మధ్యలో తట్టింది. ఇంకా గట్టిగా తిట్టాడు.

"దానికి చెవులున్నయా?" గుమ్మంలో చిక్కుడుకాయలు తుంచుతూ అడిగింది శారమ్మ.

"ఈ బల్లకు నా బండి మీద రా. నూనె పడది."

"పడితె?"

"పడది."

"సూద్దాం. పడితె ఇగ నీ బండి ముట్ట."

ఈసారి పైపును సీటు బరువు తగలకుండా చట్రం పక్కనుంచి తీసుకుపోయాడు. బస్తాకు తెల్లగుడ్డ చుట్టి వరాలా తలావ్ చెరువు చుట్టూ తిప్పాడు. గుడ్డ మీద ఒక్క మచ్చ లేదు.

ఆదివారం శారమ్మ తెల్లచీరలో వచ్చి కూర్చుంది. గల్లీ దాటకముందే యోబుకు నూనె వాసన వచ్చింది. ఆపి చూశాడు. ఏమీ లేదు.

"ఏమైంది?"

"ఏం లే."

కొంతదూరం పోయాక మళ్లీ వాసన. మళ్లీ ఆపాడు.

"ఏందయ్యా, అడుగడుక్కు దండం పెడుతున్నవా బండికి?"

మూడోసారి మోకాళ్ల మీద కూర్చున్నాడు. పైపు అతుకును, ఇంజన్ అడుగును వేళ్లతో తడిమాడు. కళ్లు చెప్పినా నమ్మకం రాలేదు. చెయ్యి చాపి కుచ్చిళ్లు పట్టుకుని వెలుగుకు తిప్పాడు. వదిలాక చూస్తే, తెల్లటి గుడ్డ మీద రెండు నల్లటి వేలిముద్రలు.

సాంచాల మీద మొదటిరోజే నేర్పుతారు: నూనె చేత్తో గుడ్డ ముట్టకు.

"సక్కగ..." అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగాడు.

"నా చెయ్యే," అన్నాడు. ఇంకేదో అనాలి. "ఆనాడు గూడ నీ తప్పు గాదు."

శారమ్మ ఆ ముద్రల వంక చూసింది. రోడ్డు మీద పోతున్న ఆటోల వంక చూసింది. తర్వాత మచ్చ పడ్డ మడతను లోపలికి దోపుకుంది.

"ఎక్కు. మల్ల ఆపినవంటె దునుకుత."

నాకా దగ్గర లారీలు అడ్డంగా నిలిచిపోయాయి. ఆగక తప్పలేదు. వాసన వస్తూనే ఉంది. లారీలదో, తన వేళ్లదో. వెనక్కి తిరిగి కుచ్చిళ్లు చూడమని మెడ లాగుతోంది. హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నాడు.

"తిరగకు," అంది వెనకనుంచి శారమ్మ.