మూడో రోజు నీళ్ళు

నీళ్ళ శుద్ధి కేంద్రంలో అందరూ ఆమెను సీసాలమ్మ అంటారు. చదివింది రసాయనశాస్త్రం, చేసేది నీటి పరీక్ష, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక సీసా ఉంటుంది కాబట్టి ఆ పేరు అలా అతుక్కుపోయింది. కేంద్రానికి పెద్ద ఇంజనీరు స్వయానా ఆమె బావగారు, అంటే మొగుడి అన్న. పంపులు నడిపేది మొగుడు. అందరూ ఉండేది కేంద్రం గోడకి ఆనుకున్న ఒకే క్వార్టర్లో. పగలంతా ఆయన ముందు నిలబడి రిపోర్టు చెప్పాలి, సాయంత్రం ఆయన ఎదురుగా కూర్చుని అన్నం తినాలి. ఆఫీసులో మింగిన మాటని ఇంటికొచ్చి కక్కేసుకునే వీలు లోకంలో అందరికీ ఉంటుంది. ఈవిడ మాత్రం మింగింది మింగినట్టే అరిగించుకోవాలి.

పైపులైను చిట్టచివర, గుట్ట మీది కాలనీలో ఆమె చెల్లెలు కాపురం ఉంటోంది. వానలు మొదలయ్యాయంటే దాని ఫోన్లూ మొదలు.

"అక్కా, నీళ్ళు మళ్ళీ మందు వాసనొస్తున్నాయి. తాగొచ్చా?"

"నిక్షేపంగా తాగవే తల్లీ."

అక్క చెప్పిందంటే దానికిక తిరుగు లేదు. తను తాగడమే కాదు, "మా అక్క పరీక్ష చేసే నీళ్ళండీ" అని నాలుగిళ్ళకీ చాటింపు వేస్తుంది. దాని నమ్మకం చూస్తే సీసాలమ్మకి ముచ్చటేసేది.

అసలు ఆ వాసన కథేమిటంటే, జలాశయం చుట్టూ దట్టంగా చెట్లు. రాలిన ఆకులన్నీ వానలకి నాని, కుళ్ళి, నీళ్ళలోకి పలచటి టీ రంగు దిగుతుంది. ఆ ఆకుల సారం దాని మానాన అది ఉంటే ఎవరికీ ఏ గొడవా లేదు. క్లోరిన్ కూడా మంచిదే, క్రిములను చంపి జనాన్ని బతికిస్తుంది. కానీ ఈ ఇద్దరినీ ఒక గొట్టంలో వేసి మూసేశామా, క్లోరోఫామూ దాని తోబుట్టువులూ పుట్టుకొస్తాయి. ఎంతసేపు కలిసి ఉంటే అంత సంతానం! ఒక గ్లాసు తాగితే ఏమీ కాదు గానీ, హద్దు మించినవి ఏళ్ళ తరబడి తాగితే ఒంటికి మంచిది కాదు. అందుకే ముందు పటిక వేసి, ఆకుల సారాన్ని చాలావరకు అడుక్కి దింపి, వడగట్టి, ఆ తర్వాత క్లోరిన్ వేయడం మేలు. ఇక్కడ చివర్లో ఎలాగూ వేస్తారు. అది చాలదని జలాశయం దగ్గర మొదట్లోనే ఒక విడత వేస్తారు. ఆ మొదటి విడత బావగారి ఏర్పాటు.

వానాకాలంలో ఈ క్లోరోఫామ్ లెక్క తేల్చడానికి పెద్ద ల్యాబ్‌కి ఒక సీసా పంపాలి. కేంద్రంలోని కుళాయి దగ్గరే నీళ్ళు పట్టడం వీళ్ళ అలవాటు. క్లోరిన్‌ని విరిచే పొడి చిటికెడు వేసిన సీసాలోనే పట్టాలి. పొడి ఉంటే లోపలి ఆట అక్కడితో కట్టు. లేకపోతే దారి పొడుగునా సీసాలో ఆ సంతానం పుడుతూనే ఉంటుంది. ఈసారి సరిగ్గా నీళ్ళు పట్టే వేళకి చెల్లెలు ఫోన్ చేసింది. చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, "తాగవే, ఏం కాదు" అంటూనే సీసాలమ్మ పొడి లేని సీసా అందుకుని నింపేసింది. పైగా దారిలో వ్యాన్ చెడిపోయి, సీసా చేరేసరికి మూడు రోజులైంది. ఫలితం హద్దుకి రెండింతలు వచ్చింది.

బావగారు గదికి పిలిపించాడు. "ఏంటమ్మా ఇది?"

పొడి వేసి ఉంచిన సీసా అలమరలో అలాగే ఉండిపోవడం ఆమె అప్పటికే చూసుకుంది. "తప్పు నాదే బావగారూ. పొడి లేకుండా పంపాను."

ఆయనకి ప్రాణం లేచొచ్చింది. "చంపావు కదమ్మా! ఇంకేమోనని హడలిపోయాను. మళ్ళీ పట్టి పంపు, అంతే." తిట్టలేదు సరికదా, టీ తెప్పించాడు. బావగారు టీ తెప్పించడమంటే మాటలా! "మూడు రోజులు మూత బిగించి ఉంచితే పుట్టవా మరి!" అని నవ్వాడు కూడా.

సీసాలమ్మ కప్పు కింద పెట్టేసింది.

"బావగారూ, గుట్ట కాలనీకి నీళ్ళు చేరడానికి ఎన్నాళ్ళు పడుతుంది?"

"గొట్టంలో, ట్యాంకులో కలిపి మూడు రో..." అని ఆయన ఆగిపోయాడు.

"ఆ గొట్టంలో పొడి ఎవరేశారు బావగారూ?"

ఆయన లేచి తలుపు వేసి వచ్చాడు. "ఈ మాట ఎవరి ముందన్నా అన్నావా? కుళాయి నీళ్ళు మంచివి కావని తెలిస్తే జనం ఏం చేస్తారు? తిన్నగా వాగుకి పోతారు. ఆ నీళ్ళు తాగితే ఏళ్ళు పట్టదు, మర్నాటికే మంచం."

"క్లోరిన్ మానేయమనట్లేదు. మొదటి విడత ఆపుదాం, చివరిది ఉంటుంది కదా."

"ఆ చివరి యంత్రమే కదమ్మా ఒక ఏడు మొరాయించింది! తెల్లారేసరికి ఆస్పత్రి నిండా పిల్లలు. వాళ్ళలో నా కూతురు. సెలైన్ ఎక్కిద్దామంటే దాని చేతికి నరం దొరకలేదు. అప్పుడు పెట్టాను ఈ మొదటి విడత. ఇంటికి రెండు తాళాలు వేసుకున్నాను. నువ్వు వచ్చి ఒకటి తీసెయ్యమంటున్నావు."

ఆ కూతురికి రోజూ జడ వేసేది సీసాలమ్మే. అటు చూస్తే ఈ పిల్ల, ఇటు చూస్తే చెల్లెలు. ఇన్నాళ్ళూ "తాగు, తాగు" అన్న తన గొంతు మీద తనకే అసహ్యం వేసింది.

బావగారు సొరుగులోంచి మొదటి క్లోరిన్ గది తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. "నా చేత్తో నేను ఆపలేను. నీకంత నమ్మకముంటే నువ్వే ఆపు." ఆ మాటలో ఉన్నది కోపమో, వేడికోలో ఆమెకి అంతుపట్టలేదు.

మొగుడి దగ్గరికి వెళ్ళింది. విషయం విని అతను రెండు చేతులూ ఎత్తేశాడు. "మా అన్న సంగతి నీకు తెలుసు, నీ సంగతి నాకు తెలుసు. మధ్యలో నన్ను లాగకు."

"లాగను. చివరి యంత్రం దగ్గర మాత్రం మీరే ఉండండి. అది ఒక్క క్షణం ఆగినా పంపులు ఆపెయ్యండి."

"భోజనానికైనా పంపిస్తావా?"

"క్యారేజీ తెస్తాను."

అతను గొణుక్కుంటూనే వెళ్ళి, యంత్రం ముందు స్టూలు వేసుకు కూర్చున్నాడు.

చివరి మోతాదు దగ్గరుండి సరిచూసి, సీసాలమ్మ మొదటి క్లోరిన్ గదికి వెళ్ళింది. కిటికీ లేని గది, ఘాటు వాసన. క్లోరిన్ వదిలే గొట్టం చక్రం మీద చెయ్యి వేసింది. పొద్దున్నదాకా ఎంత తేలిగ్గా ఉండేది! ఏ తప్పయినా గొట్టానిదో, బావగారిదో. ఇక ఏ పిల్ల వాంతి చేసుకున్నా ఈ చేతిదే పాపం. తిప్పకపోయినా ఈ చేతిదే. పారిపోదామంటే ఎక్కడికి, ఆ గోడ అవతలే ఇల్లు. భయం వేసింది. అయినా చక్రం బిగించేసింది.

బయటికి వచ్చిందో లేదో ఫోన్ మోగింది.

"అక్కా, ఇవాళ మరీ ఘాటుగా ఉన్నాయి. తాగొచ్చా?"

ఇన్నేళ్ళూ ఆ జవాబు దానంతటదే నోట్లోంచి ఊడిపడేది. ఇవాళ రాలేదు. గొట్టం పొడుగునా పాత నీళ్ళే ఉన్నాయి. ఇప్పుడు చక్రం బిగించినంత మాత్రాన అవి వెనక్కి రావు.

"మూడు రోజులాగి చెప్తానే."

"మూడు రోజులా? అప్పటిదాకా ఏం తాగాలి?"

"వాగుకి మాత్రం పోవద్దు, నీకు దణ్ణం పెడతాను. అవే తాగండి. మూడు రోజులకి ఏమీ కాదు."



"గ్లాసు చేతిలోనే ఉందక్కా," అంది చెల్లెలు. "నువ్విలా అన్నాక, ఎలా తాగను?"