తాల్ అంటే రమ్మని

శుక్రవారం డ్యూటీ లేదు గదా అని ఒమాన్ దేశం దుక్మ్‌ల లేబర్ క్యాంపుల అందరూ ఇంత తిని ఒరిగిన్రు. గంగన్న నసీబుకు ఆ ఒరుగుడు కూడా లేకపాయె. అర్బాబ్ బండి రూమ్ ముందట ఆగి హారన్ కొట్టింది. కొట్టినంక పోవాలె, అర్బాబ్ అంటే పనిచ్చిన సేటు, వీసా ఆయన చేతిల ఉన్నదాయె.

అర్బాబ్‌కు వేట పిచ్చి. ఒమాన్‌ల జింకను ముడితే జైలే గనుక, వచ్చే నెల జింకల సీజన్ తెరిచే వేరే దేశానికి పోయి, తుపాకి గాదు, విల్లుతోనే కొడతడట. సీజన్ మొదట్ల చెట్లకు ఆకు నిండుగ ఉంటది, జింక సందుల నుంచి రెప్పపాటు కనవడి మాయమైతది, అందుకే నడిచే జింకను కొట్టుడు ఇప్పుడే నేర్వాలె అంటడు. దానికోసం ఓ రబ్బరు జింకను తెప్పిచ్చి చక్రాల పలక మీద నిలవెట్టిండు. ఓ పక్కన గుంత తవ్విచ్చి, గుంత ముందట ఇసుక బస్తాలు పేర్పిచ్చిండు. గుంతల కూసున్నోడు తాడు గుంజితే జింక నడుస్తది. ఆ కూసునేటోడే లింబాద్రి, అర్బాబ్ మాట వానికి చెప్పేటోడు గంగన్న.

లింబాద్రి గంగన్నకు సొంత బామ్మర్ది, పెండ్లాం గౌరవ్వ తమ్ముడు. వచ్చి వారం గాలేదు. ఇద్దరు పిల్లల తండ్రి, అయినా అక్క కంటికి ఇంకా పసోడే. ఫోన్‌ల గౌరవ్వది రోజూ ఒక్కటే పాట, నా తమ్మునికి ఏమన్నయితే నీ మొఖం నాకు చూపియ్యకు అని. ఆ గుంతను చూసేదాంక గంగన్నకు అది నవ్వులాట మాటే.

మొదటి బాణాలు అయిపోయినంక అర్బాబ్ విల్లు దించి, వచ్చి బాణాలు పీకమని అరబ్బీల 'తాల్, తాల్' అని కేకేసిండు. గుంతల చప్పుడు లేదు. మళ్ల పిలిచిండు. లింబాద్రి ఇంకింత వంగి కూసున్నడు. ఈ చెవిటోణ్ని యాడికెల్లి పట్టుకొచ్చినవని అర్బాబ్ గరమైండు. గంగన్న ఉరికిపోయి అడిగితే, ఆయన తాళు తాళు అంటుంటే తాళిన బావా అన్నడు లింబాద్రి. నిజమే మరి. గౌరవ్వ పుట్టింటోళ్లు ఆగు అననే అనరు, తాళు అంటరు. పాలు పొంగినా తాళు, బస్సు కదిలినా తాళు. పెండ్లయినకాన్నుంచి ఆ మాట గంగన్న నాలుకకు గూడ పట్టింది.

"ఇది మనూరు గాదు. ఈడ తాల్ అంటే రమ్మని. ఏం సోచాయించకు, చెవిల పడంగనే లేచి ఉరికి రావాలె" అని చిలక్కు చెప్పినట్టు చెప్పిండు గంగన్న. తన ముందట మళ్ల మళ్ల అనిపిచ్చిండు కూడా.

ఇగ పని సాఫుగ నడిచింది. పిలిస్తే వచ్చుడు, బాణాలు పీకుడు, మళ్ల గుంతల దిగుడు. అర్బాబ్ మెచ్చుకున్నడు. మెచ్చుకుంటనే పెట్టె తెరిచి, అసలు వేటకు వాడే బాణం ములుకులు తీసిండు. ఒక్కొక్క ములుకుకు మూడు బ్లేడ్లు, గడ్డం గీసుకునేటంత పదును. ఇవి వేరే తీరుగ పోతయ్, చెయ్యికి అలవాటు గావాలె అన్నడు. గంగన్న గుంత ముందటి బస్తాల దిక్కు చూసిండు. బస్తాలు వీటిని ఆపుతయా అని అడిగితే, నీ పని నువ్వు చూసుకో అన్నడు.

ఎండు కొమ్మల చాటుకెల్లి అర్బాబ్ విల్లు గుంజి పట్టిండు. ఒక కన్ను మూసిండు, ఇంకో కన్ను జింక మీదనే ఉన్నది. జింక ఇంత నడిచి ఆగింది. తాడు రాయికి తట్టుకున్నది. కదిలినప్పుడే కొట్టాలని అర్బాబ్ ఊపిరి బిగవట్టి నిలవడ్డడు. అంతల్నే బస్తాల మీదికెల్లి లింబాద్రి తల లేచింది. తాడు విడిపియ్యాలని చెయ్యి చాపుతున్నడు. కొమ్మలు అడ్డమున్నయ్, అర్బాబ్‌కు కనవడ్తలేదు, పక్కకు నిలవడ్డ గంగన్నకే కనవడ్డది.

గంగన్నకు పై ప్రాణాలు పైన్నే పోయినయ్. నోట్లకెల్లి ఇంటి మాటే ఊడిపడ్డది.

"తాళు, లింబాద్రీ, తాళు!"

లింబాద్రి విన్నడు. వినంగనే, బావ నేర్పినట్టే, ఒక్క దుంకు దుంకి గుంతలకెల్లి బయటవడి, జింక ముందటికెల్లి ఉరికొస్తుండు.

గంగన్న అర్బాబ్ మోచెయ్యిని గుద్దిండు. అర్బాబ్ మీద చెయ్యి పడితే ఏమైతదో ఆలోచించే తీరిక యాడిది. బాణం జుయ్యిమని పోయి లింబాద్రి కాళ్ల ముందట ఇసుకల దిగింది. దిగుడు దిగుడే, ఈకలొక్కటే పైకి కనవడ్డయ్.

అర్బాబ్ గంగన్న అంగీ పట్టుకున్నడు. ఏదో తిట్టబోయి, అప్పుడు లింబాద్రిని చూసి అంగీ ఇడిసిండు. ఆయన మొఖంల గూడ నెత్తురు సుక్క లేదు. దేవుని పేరు తల్సుకొని, మొఖం తుడుసుకున్నడు. ఏం గాలేదు గదా, ఎండ పోతున్నది, మళ్ల గుంతల కూసోబెట్టు అన్నడు.

లింబాద్రి ఆయాసపడుకుంట వచ్చి నవ్విండు.

"జల్ది వచ్చిన గదా బావా?"

ఆ నవ్వు చూసేసరికి గంగన్నకు ఏడుపు తన్నుకొచ్చింది. వానికి చావును నేర్పింది నేనే గదా అనుకున్నడు. అర్బాబ్ మీద కోపం, తన నోటి మీద కోపం, గౌరవ్వంటే భయం, అన్నీ ఒక్కపాలె మీద పడ్డయ్. వీసా పోతే పోనీ అనుకోని బామ్మర్ది రెట్ట పట్టి క్యాంపు దిక్కు గుంజుకపోయిండు.

వెనుకకెల్లి అర్బాబ్ తాల్, తాల్ అని అరుస్తనే ఉన్నడు. లింబాద్రి కాళ్లు తడబడ్డయ్.

"పిలుస్తుండు బావా. ఇప్పుడు ఆగాల్నా, పోవాల్నా?"

 గంగన్న రెట్టను ఇంకింత గట్టిగ పట్టుకొని నడక పెంచిండు.